వెనక గల్లీలో ఖాళీ జాగా

"ఒదినా, ఇన్నవా? ఎనక గల్లీల ఖాళీ జాగ ఉన్నది సూడు, అండ్ల డబల్ బెడ్రూములు కడ్తరంట!"

మా ప్రహరీగోడ అవతలి నుంచి ఏ కబురొచ్చినా ఇదే గొంతుతో వస్తుంది. టమాటా కిలో ఎనభై అయినా, ఎదురింటి పిల్లకు సంబంధం కుదిరినా, నల్లా బందైనా అంతే. వదిన పొట్టి మనిషి. బోర్లించిన ఇనుప బకెట్టు మీద నిలబడితే తప్ప తల గోడ పైకి రాదు. బకెట్టు జరిగిన చప్పుడు వినబడిందంటే, నేను స్టవ్ కట్టేసి పెరట్లోకి రావాల్సిందే.

"ఎవరు చెప్పారొదినా?"

"పాలాయన."

"పాలాయనకెవరు చెప్పారు?"

"ఆయనకన్నీ ఎర్కే."

పాలాయన మాట జీవో కాదు. కొలతల టేపు పట్టుకుని వచ్చినవాళ్లను మేమిద్దరం చూడలేదు, బోర్డూ పెట్టలేదు. అయినా కబురు గల్లీ చివరికి చేరేలోపు అక్కడ అయిదంతస్తులు లేచాయి. కిరాణాకొట్టు దాకా వెళ్లేసరికి అవి తొమ్మిదయ్యాయి, లిఫ్టు కూడా పెట్టేశారు.

మేముండేది సికిందరాబాదులో, బోయిగూడకూ బన్సీలాల్‌పేటకూ నడుమ. మోండా మార్కెట్టు నడిచిపోయేంత దూరం, రైల్వే స్టేషను కూత వినబడేంత దూరం. పాత బస్తీ కాబట్టి ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు ఉంటాయి. వదిన చెబుతున్న ఖాళీ జాగాలో తుమ్మచెట్లు, కూల్చిన ఇళ్ల మట్టి, చక్రాలు లేని ఆటో ఒకటి ఉన్నాయి. వినాయక చవితికి మాత్రం శుభ్రం చేసి పందిరి వేస్తారు. నిమజ్జనం అయిన మర్నాటి నుంచి మళ్లీ చెత్త.

"మంచిదేగా, చెత్త పోతుంది" అన్నాను.

"ఏం మంచిది? మంది ఎక్కువైతరు. నల్లాల నీళ్లు తక్కువైతయి. బండి పెట్టనీకి ఇప్పుడే జాగ లేదు. ఇగ మన ఇండ్ల రేట్లు పడిపోతయని మీ అన్నయ్య అంటున్నడు."

"ఎవరొదినా ఆ మంది?"

"ఇంకెవరు? నాలా పక్కన గుడిసెలోల్లు."

అదీ అసలు సంగతి. నాలా పక్కన గుడిసెల్లో ఎవరున్నారో వదినకు నాకంటే బాగా తెలుసు. ఆమెకు రోజూ మల్లెపూలు మూరేసి ఇచ్చే ఆవిడ అక్కడే ఉంటుంది. వాళ్ల మెట్లు కడిగే పిల్ల, అన్నయ్యను డయాలసిస్‌కి గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో అబ్బాయి, మోండాలో మూటలు మోసే అన్నదమ్ములు అందరూ అక్కడివాళ్లే. నాలా పొంగినప్పుడల్లా వాళ్ల సామాను మన అరుగుల మీదికే వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నవాళ్లు పక్కా ఇంట్లోకి మారితే మంది ఎక్కువయ్యేది ఎట్లాగో నాకు లెక్క తేలలేదు. అదే అడిగాను.

వదిన కాసేపు మాట్లాడలేదు. బకెట్టు మీద కాలు మార్చుకుంది.

"గది సరే గానీ, గుడిసెలుంటే గుడిసెలే. బిల్డింగుల కొస్తే వాళ్ల సుట్టాలు సుత వస్తరు."

చుట్టాలు మనకూ వస్తారొదినా, సంక్రాంతికి మా ఇంట్లో ఎంతమంది దిగుతారో నీకు తెలియందా అన్నాను. నవ్వేసింది. మా గోడ దగ్గర నవ్వితే సగం తగవు తీరినట్టే.

మిగిలిన సగం తీరడానికి బన్సీలాల్‌పేట కథ చెప్పాల్సొచ్చింది. ఆమె పుట్టిల్లు అక్కడే, అయినా ఆ పేటను ఎవరు వేశారో ఆమెకు ఎవరూ చెప్పలేదట. పూర్వం దాని పేరు నాగన్నకుంట. అప్పట్లో సికిందరాబాదు బ్రిటిషువాళ్ల పాలనలో ఉండేది. 1933లో రెసిడెంటు టెరెన్స్ కీస్ హయాంలో అక్కడ ఒక పద్ధతిగా వీధులు తీర్చి మాదిరి బస్తీగా కట్టారు. డబ్బిచ్చింది సేఠ్ బన్సీలాల్ అనే వ్యాపారి కాబట్టి ఆయన పేరే పేటకు నిలిచింది. నిజాం వైపు హైదరాబాదులో కూడా అప్పటికే ఇదే పని జరుగుతోంది. 1908లో మూసీ వరద వేల ఇళ్లను ముంచేసింది, తర్వాత ప్లేగు వచ్చింది. అప్పుడు 1912లో ఆరాయిష్-ఎ-బల్దా అని నగరాన్ని బాగుచేసే బోర్డొకటి పెట్టారు. ఇరుకు బస్తీలు తీసి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించడం దాని పనుల్లో ఒకటి.

"అంటే మా అమ్మగారిల్లు సుత సర్కారు ఇల్లేనా?" అంది వదిన, కొంచెం కోపంగా.

"సర్కారుదో, సేఠ్‌దో. పేదవాళ్ల కోసం కొత్తగా కట్టిన బస్తీయే. తొంభై ఏళ్లకు అది పాత బస్తీ అయింది. ఇప్పుడు దాన్నే అందరూ చూడటానికి వస్తున్నారు."

చూడటానికి వస్తున్నది ముఖ్యంగా మెట్లబావిని. మూడు వందల ఏళ్లనాటిదని చెబుతారు, ఆరంతస్తుల లోతు ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అది బావి అనే ఎవరికీ గుర్తు లేదు, చెత్తకుప్ప అనేవాళ్లు. 2021లో తవ్వడం మొదలుపెట్టి రెండు వేల టన్నుల చెత్త ఎత్తిపోశారు. 2022 డిసెంబరు 5న తెరిచాక సాయంత్రాలు దీపాలు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. చెత్తకుప్ప అని ముక్కు మూసుకున్న జాగా చుట్టూనే ఇప్పుడు ఇళ్ల రేట్లు పెరిగాయని చెబుతున్నారు, ఈ మాట మాత్రం అన్నయ్య చెవిన వెయ్యమన్నాను.

ఇక డబల్ బెడ్రూములంటారా, వాటి పుట్టిల్లు కూడా మా పక్కనే. బోయిగూడ ఐడీహెచ్ కాలనీ. తెలంగాణ వచ్చాక, పేదలకు సర్కారు రెండు పడకగదుల ఇల్లు ఉచితంగా కట్టిచ్చే ఈ పథకం కింద మొట్టమొదట ఇళ్లు కట్టింది అక్కడే. పాడుబడిన ఇళ్లూ గుడిసెలూ ఉన్నచోట 2014లో పునాది వేశారు, 2015 నవంబరు 16న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి గృహప్రవేశాలు చేయించారు. మొత్తం 396 ఇళ్లు. కింద ఒకటి, పైన రెండు అంతస్తులు, అంతే. లిఫ్టు లేదు. ఒక్కో ఇంటికి సుమారు 8 లక్షలైంది, ఉండేవాళ్ల దగ్గర మాత్రం పైసా తీసుకోలేదు. ఆ రోజుల్లో ఆ కాలనీని చూడటానికి నగరం నలుమూలల నుంచి ఆటోలు కట్టించుకుని మరీ వచ్చారు. మా ఇంటికొచ్చిన చుట్టాలు చార్మినారు కంటే ముందు అక్కడికే తీసుకెళ్లమని అడిగారు! మరి రెండు నెలలు దాటాక కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి, 150 డివిజన్లలో 99 అప్పటి అధికార పార్టీకే వచ్చాయి. ఇల్లంటే అంత పని చేస్తుంది.

వదిన చెల్లెలి వియ్యపురాలు ఆ కాలనీలో ఉంటుంది. ఆమె గృహప్రవేశానికి మేమిద్దరం వెళ్లాం. హాలు, రెండు పడకగదులు, వంటగది, రెండు బాత్రూములు, అన్నీ కలిపి 580 చదరపు అడుగులు. పెద్దిల్లు అలవాటైనవాళ్లకు ఇరుకే. కానీ ఆవిడ మమ్మల్ని ముందు తీసుకెళ్లి చూపించింది హాలు కాదు, బాత్రూము. తలుపు వేసి, గడియపెట్టి, మళ్లీ తీసి చూపించింది. లోపలి గడియ. అంతకుముందు ఆ ఇంటి ఆడవాళ్లు చీకటి పడేదాకా ఆగేవాళ్లు, లేదంటే తెల్లారకముందే లేచేవాళ్లు. తర్వాత వంటగదిలో గ్రానైటు గట్టు చూపించింది. గట్టు మీద స్టవ్ పెట్టి, కింద రోలు పెట్టుకుంది. "నిలవడి వండుడు అలవాటు కాలే" అని నవ్వి, పచ్చడి మాత్రం కింద కూర్చునే నూరింది. సజ్జ మీద బియ్యం డబ్బా, పక్కన బోనాల కుండ బోర్లించి ఉంది. కిటికీ దగ్గర కుట్టుమిషను. ఆ మిషను మీద జాకెట్లు కుట్టి కూతురిని నర్సింగు చదివించింది. ఇప్పుడా పిల్ల నడిచే డ్యూటీకి వెళ్తుంది.

నడిచే అన్న మాట దగ్గరే నా వాదనంతా ఉంది. నేను వదినతో గొడవపడేదీ, పేపర్లు చదివి విసుక్కునేదీ దాని గురించే.

హైదరాబాదు కార్పొరేషన్ పరిధిలోని పేదల కోసం లక్ష ఇళ్లు అనుకున్నారు, 111 చోట్ల. అందులో పాత బస్తీలు తీసి ఉన్నచోటే కట్టినవి దాదాపు 9 వేలు. మిగిలిన 91 వేలు ఖాళీ భూముల్లో. ఖాళీ భూములు ఊరి నడుమ ఎందుకుంటాయి? ఔటర్ రింగు రోడ్డు దగ్గరుంటాయి. కొల్లూరులో 145 ఎకరాల్లో 15,660 ఇళ్లు కట్టారు, 2023 జూన్‌లో తెరిచారు. ఎవరు చూసినా నోరు వెళ్లబెట్టాల్సిందే, అన్ని బ్లాకులు ఒక్కచోట నేనెక్కడా చూడలేదు. రోడ్లు వెడల్పు, గాలి ధారాళం. కాదనను. కానీ మా పూలావిడకు అక్కడ ఇల్లొస్తే ఏం చేసుకుంటుంది? తెల్లవారుజామున నాలుగింటికి ఆమె గంప మోండా దగ్గర ఉండాలి. కొల్లూరు నుంచి మోండాకు ముప్పై కిలోమీటర్లకు పైమాటే. నాలుగింటికి చేరాలంటే రెండింటికి లేవాలి, ఆ వేళకు బస్సు లేదు. బస్సున్నా ఏముంది...

"ఆడోళ్లకు బస్సు ఫ్రీయే గదా" అంది వదిన.

2023 డిసెంబరు నుంచి టికెట్టు లేదు నిజమే. కానీ పోనూ రానూ నాలుగు గంటల పొద్దు ఎవరిస్తారు? ఆమె ఆ పొద్దులోనే మూర మూరా అల్లి అమ్ముకుంటుంది. కొల్లూరు వంటి చోట్ల సర్వేలు చేస్తే తాళాలు వేసిన ఇళ్లు, అద్దెకిచ్చిన ఇళ్లు బయటపడ్డాయి. నోటీసులిస్తామన్నారు, వెనక్కి తీసుకుంటామన్నారు. రూలు ప్రకారం అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, అది సరే. కానీ వాళ్లంతా దొంగలు కారు. ఇల్లొకచోట, కూలి ఇంకొకచోట ఉంటే మనిషి కూలి వైపే పోతాడు. మళ్లీ ఏ నాలా పక్కనో గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు.

ఆంధ్ర వైపు కూడా ఇదే కథ. మా తమ్ముడు గుడివాడలో ఉంటాడు. అక్కడ పేదల కోసం సర్కారు టిడ్కో ఇళ్లు 8,912 ఒకే చోట కట్టింది, నాలుగంతస్తులవి. 300, 365, 430 అడుగులని మూడు రకాలు. గట్టిగా కట్టారు, గోడలకు మేకు దిగదు. ఊళ్లో హోటలు పనికెళ్లేవాళ్లు మాత్రం రాత్రి పన్నెండింటికి ఆటో కోసం నిలబడుతున్నారని తమ్ముడు ఫోనులో చెప్పాడు.

అందుకే ఉన్నచోటే కట్టిన తొమ్మిది వేల ఇళ్లంటే నాకు ముచ్చట. జియాగూడలో 840 కట్టారు. మూసీ ఒడ్డున రంగనాథస్వామి గుడి ఉన్న ఆ పాత ఊళ్లో, మేకల మండీ పనివాళ్లకు మండీ దూరం కాలేదు. మలక్‌పేటలో పిల్లిగుడిసెలు అన్న పేరుతో ఉన్న బస్తీలో 288. హుస్సేన్‌సాగర్ పక్కన అంబేడ్కర్ నగర్‌లో 330. అక్కడ పొద్దున్నే వరండాలోకి వస్తే చెరువు కనబడుతుంది, కోటి రూపాయల ఫ్లాటుకైనా దొరకని చూపు అది. చెరువు పక్కన పేదవాళ్లెందుకు అని గొణిగినవాళ్లూ ఉన్నారు. ఆ చెరువు పక్కన ముందు నుంచీ ఉన్నది వాళ్లే కదా.

"అయితే నువ్వు మొత్తం సర్కారు పార్టీ" అంది వదిన.

కాదు. నాకూ గొణుగుడుంది, అదీ చెప్పాను.

ఒకటి, ఖాళీ చేయించేటప్పుడు చెప్పే గడువు. గుడిసె తీసేసి ఏడాదిలో ఇల్లిస్తామంటారు. ఐడీహెచ్‌లో ఆ మాట దాదాపు నిలిచింది. కొన్నిచోట్ల ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ ఆ కుటుంబం అద్దె కట్టుకోవాలి, పిల్లలను బడి మార్చాలి. ఇల్లు చేతికొచ్చేసరికి అప్పు కూడా చేతికొస్తుంది. కట్టినన్నాళ్లూ అద్దె సర్కారే ఇవ్వాలి. ఇస్తే పని కూడా తొందరగా అవుతుంది, ఎందుకంటే ఆలస్యమైతే ఖర్చు వాళ్లదే.

రెండోది లిఫ్టు. తొమ్మిదంతస్తులు కడితే లిఫ్టు తప్పదు, లిఫ్టుంటే కరెంటు బిల్లు, మరమ్మతు, ఆపరేటరు తప్పరు. ఇల్లు ఉచితంగా వచ్చినవాళ్లు నెలనెలా వాటా కట్టగలరా? ఈ లెక్క సర్కారుకూ తెలుసు. అందుకే పెద్ద కాలనీల్లో కింద దుకాణాలు కట్టి, ఆ అద్దెతో నిర్వహణ జరగాలన్నారు. ఆలోచన మంచిదే. కానీ దుకాణం అద్దెకు పోవాలంటే దారిన పోయే జనం ఉండాలి. ఊరి బయట కాలనీలో షట్టరు ఎత్తితే బేరం ఎక్కడిది? అదే మా వెనక గల్లీలో ఒక్క షట్టరు ఖాళీ అయితే పాలాయన, ఇస్త్రీ ఆయన, మిర్చీబజ్జీ ఆవిడ ముగ్గురూ పోటీకొస్తారు. ఉన్న ఊళ్లో కడితే లిఫ్టు ఖర్చు కూడా ఊరే పెడుతుందన్న మాట.

అసలు మా గల్లీకి తొమ్మిదంతస్తులొద్దని నా అభిప్రాయం. మూడు చాలు. కారణం అందం కాదు, కబుర్లు. మూడో అంతస్తు నుంచి ఆడవాళ్లు తాడు కట్టిన బుట్ట దించి కూరగాయలు తీసుకోగలరు, బండి ఆయనతో బేరమాడగలరు, కింద ఆడుకునే పిల్లవాణ్ని పేరుపెట్టి పిలిచి తిట్టగలరు. అంతకంటే పైకి పోతే గొంతు కిందికి రాదు. తలుపులు కూడా గల్లీ వైపే పెట్టాలి. చుట్టూ ఎత్తయిన గోడ కట్టి, గేటు పెట్టి, మీరు లోపల మేం బయట అంటే మాత్రం వదిన భయపడినట్టే అవుతుంది. రెండు వైపుల వాళ్లకూ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. మా పాత ఇళ్లకు అరుగులున్నాయి. కొత్తవాటికీ ఒక అరుగు వెయ్యండి, సిమెంటు ఎంతవుతుంది?

వదినకు అరుగు మాట నచ్చింది. "అరుగుంటె మంచిదే. సాయంత్రం పూట కూసోనీకి" అంది. అప్పుడు అసలు చిక్కు బయటపెట్టింది. "మా పోర్షను ఎవరు తీస్కుంటరు మరి?"

వదినవాళ్ల ఇంటి వెనక రెండు పోర్షన్లున్నాయి, గదీ వంటింటి మూలా ఉన్నవి. ఒకదాంట్లో మోండా కూలీ కుటుంబం, ఇంకోదాంట్లో వేరే ఆటో అబ్బాయి. అన్నయ్యకు పింఛను లేదు, ఆ అద్దెలే వాళ్ల మందులు. డబల్ బెడ్రూములొస్తే కిరాయిదార్లు వెళ్లిపోతారని ఆమె దిగులు. రేట్లు పడిపోతాయన్న మాటకు అర్థం ఇదీ. ముందే చెబితే ఇంత వాదన ఉండేది కాదు.

నిజానికి పేదవాళ్లకు ఇన్నాళ్లూ నీడనిచ్చింది సర్కారు ఇళ్ల కంటే ఎక్కువగా ఈ పోర్షన్లే. పాత బస్తీలో ప్రతి పెరట్లోనూ ఒక గది ఉండేది, రేకుదో పెంకుదో. పెళ్లయిన కొత్తలో మేమూ అలాంటి దాంట్లోనే ఉన్నాం, బావి గట్టు పక్కన. ఇప్పుడవి పోతున్నాయి. పాతింటి వారసులు నలుగురు కలిసి బిల్డరుకిస్తారు, అయిదంతస్తులు లేస్తాయి, అందులో పోర్షన్ అనేది ఉండదు. పెద్దవాళ్ల ఇల్లు ఒక్కటి కూలితే నాలుగు పేద కాపురాలు చెదిరిపోతాయి. దీని గురించి ఎవరూ ధర్నా చెయ్యరు. వారసత్వ కట్టడాల జాబితాలో మేడలుంటాయి, గోపురాలుంటాయి, పెరటి పోర్షనుండదు. ఆ జాబితాకు కాపలాగా ఉన్న పాత నిబంధనను 2015లో ఎత్తేసి, 2017లో కొత్తగా వారసత్వ చట్టం చేశారు. ఏ చట్టమైనా రాళ్లనే లెక్కపెడుతుంది, ఆ గల్లీలో ఉండేవాళ్లు ఉండగలుగుతారా అని అడగదు.

"మీ పోర్షనుకు మనుషులు దొరక్కపోవడమంటూ ఉండదొదినా. స్టేషను పక్కన, ఆసుపత్రి పక్కన గది ఖాళీగా ఉంటుందా? ఆ రేకులు తీసి పైన స్లాబు వేసుకో, ఇంకో గది వస్తుంది."

"పర్మిషనుకు పైసలెవలు పెట్టాలె?"

ఇది చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నా. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు జాగాలో, కిందా పైనా కలిపి 7 మీటర్ల ఎత్తుకు మించకుండా కట్టుకుంటే ఏ అనుమతీ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. జాగా మనదే అయి ఉండాలి, నాలా మీదా చెరువు శిఖంలోనూ ఉండకూడదు. మధ్యవర్తికి వేలు పోసేవాళ్లున్నారు మా గల్లీలో, రూపాయి పనికి. జాగా కొలిచి పెడతానని, ఫైలు కదిలిస్తానని ఎవడొచ్చినా నమ్మకండి. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లకైతే 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షలొస్తాయి, పని జరిగినకొద్దీ విడతలుగా. ఇల్లు 400 అడుగులకు తగ్గకూడదు. ఊళ్లలో అది బాగానే కుదురుతుంది. సికిందరాబాదులో సొంత జాగా ఉన్న పేదవాడెక్కడ? ఉన్నా, ముప్పై గజాల్లో 400 అడుగులు రావాలంటే పైకి లేపాల్సిందే. పునాది అందుకు ఆగాలి, చేతిలో 5 లక్షలకు పైన ఇంకొంచెం ఉండాలి.

కాబట్టి తిరిగి తిరిగి ఆ ఖాళీ జాగా దగ్గరికే వస్తాం.

నీళ్ల మాట, బండ్ల మాట కొట్టిపారేసేవి కావు. వదిన అడిగినవి న్యాయమైన ప్రశ్నలే. మా గల్లీ డ్రైనేజీ పైపు ఎప్పటిదో, వానొస్తే మూత ఎగిరి మా గేటు ముందుకొస్తుంది. దాని మీద ఇంకో యాభై ఇళ్లు కలిపితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఇళ్లు కట్టేముందే పైపు మార్చాలి, కట్టాక కాదు. ఆ మాట ఇప్పుడే పట్టుబడితే మనకూ కొత్త పైపు వస్తుంది. బస్తీకి ఇళ్లొస్తేనే అక్కడి రోడ్డుకూ లైటుకూ మోక్షం అని ఐడీహెచ్ వాళ్లను అడిగితే చెబుతారు. బండ్ల సంగతంటారా, మా గల్లీని ఆక్రమించింది గుడిసెలవాళ్లు కాదు. ఇంటికి రెండు కార్లున్న మనవాళ్లే. పూలావిడకు కారు లేదు.

"మీ అన్నయ్యతోని ఈ మాట నేననలే అని చెప్పు" అంది వదిన. వాళ్ల కారు సగం మా గోడకు ఆనించే ఉంటుంది.

చివరికి ఇద్దరం ఒక మాటకొచ్చాం. పాలాయన కబురు నిజమో అబద్ధమో తేలేదాకా కూర్చోకుండా, మనమే అర్జీ పెడదామని. అందులో ఏం రాయాలో గోడ మీదే తేల్చుకున్నాం. మూడంతస్తులకు మించొద్దు, నాలా పక్కనున్నవాళ్లకే ఇవ్వాలి, పట్టా ఆడవాళ్ల పేరు మీద ఉండాలి, ముందు పైపు మార్చాలి, కట్టినన్నాళ్లూ అద్దె ఇవ్వాలి, గల్లీ వైపు తలుపులుండాలి. వినాయకుడి పందిరికి జాగా వదలాలని వదిన చేర్చింది. అరుగు సంగతి నేను చేర్చాను. పూలావిడను అడిగితే ఆమె ఒక్కటే కోరింది, గంప దింపుకోవడానికి కింద ఇల్లు కావాలని. అదీ రాశాం.

సంతకాల కోసం తిరుగుతుంటే తెలిసింది, ఎదురు చెప్పేవాళ్లు అనుకున్నంతమంది లేరు. పార్కు కావాలన్నవాళ్లు కొందరున్నారు. పార్కు నాకూ ఇష్టమే, కానీ గత పదిహేనేళ్లలో ఆ తుమ్మచెట్ల కింద పార్కు కావాలని ఎవరూ ఒక్క కాగితం రాయలేదు, ఇళ్ల మాట వచ్చాకే పచ్చదనం గుర్తొచ్చింది. వాళ్ల సంతకాలు కూడా తీసుకున్నాం, ఒక మూల నాలుగు వేపచెట్లు వేయాలని రాసి.

మీ గల్లీలోనూ ఇలాంటి సర్కారు జాగా ఒకటి ఉండే ఉంటుంది. బడి పక్కనో, పాత వాటర్ ట్యాంకు వెనకో, చెత్త పోసుకునేది. దాని సర్వే నంబరు కనుక్కోండి, మీ పనమ్మాయి, మీ పాలాయన, మీ ఆటో అబ్బాయి ఎక్కడుంటున్నారో కూడా కనుక్కోండి. వార్డు ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇచ్చినట్టు కాదు.